ట్రాకర్ బ్యాటరీ రెండో రాత్రికే అయిపోతోంది, 24 రోజుల రైడ్‌కి ఎలా?

కాకినాడ_కుర్రాడు · మే 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను కాల్గరీలో ఉంటాను. ఈ జూన్‌లో టూర్ డివైడ్‌కి వెళ్తున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దులో ఉన్న ఆంటెలోప్ వెల్స్ దాకా, రాకీ పర్వతాల వెంట, ఎక్కువగా మట్టిరోడ్ల మీద సైకిల్‌తో సుమారు 4,400 కిలోమీటర్లు. ఏటా జూన్ రెండో శుక్రవారం బయల్దేరతారు. ఎంట్రీ ఫీజు లేదు, ప్రైజు లేదు, వెనకాల సపోర్టు కారు ఉండదు. తిండి, పడక, ఛార్జింగ్ అన్నీ మనమే చూసుకోవాలి. 24 రోజుల్లో పూర్తి చేయాలని నా ఆశ.

నా దగ్గర చిన్న శాటిలైట్ ట్రాకర్ ఉంది. నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కిందటి వారం ఇక్కడికి దగ్గర్లోని కననాస్కిస్ కొండల వైపు మూడు రోజుల ప్రాక్టీసు రైడ్‌కి వెళ్లాను. ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరాను, పది నిమిషాలకోసారి లొకేషన్ పంపేలా పెట్టాను. రెండో రాత్రి చూస్తే ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో కూడా నాకు తెలియదు.

ఇక్కడ నేను హాయిగా పడుకున్నాను. కాకినాడలో అమ్మానాన్న పదకొండు గంటలు మ్యాపు ముందు కూర్చున్నారు. నా చుక్క సరిగ్గా ఒక వాగు పక్కన ఆగిపోయింది. మ్యాపులో నీలం గీత, దాని మీద నా పేరు, కదలిక లేదు. నాన్న నా రూమ్మేట్‌కి ఫోన్ చేశారు, వాడు పోలీసులకు చెప్పబోయాడు. మర్నాడు మధ్యాహ్నం టవర్ సిగ్నల్ దొరికి ఫోన్ చేస్తే అమ్మకు నోట మాట రాలేదు. ఏడుపు వినిపించింది, అంతే.

మళ్లీ అలా జరగకూడదు. పెద్ద పవర్ బ్యాంకు కొనాలా? లొకేషన్ అరగంటకోసారి పంపేలా మార్చాలా? అసలు ట్రాకరే మార్చాలా? ఈ దారిలో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

బేసిన్_దాటినవాడు · మే 3, రాత్రి 10:15

తమ్ముడూ, ఆ రూటు నేను రెండుసార్లు తొక్కాను. ఏదైనా కొనే ముందు ఒకటి చెప్పు. ట్రాకర్‌ని సైకిల్ మీద ఎక్కడ పెట్టావు? చుట్టూ ఏమేం ఉన్నాయి?

కాకినాడ_కుర్రాడు · మే 3, రాత్రి 10:22

వాన పడుతుందని హ్యాండిల్‌బార్ బ్యాగు లోపల పెట్టాను అన్నా. అందులోనే పవర్ బ్యాంకు, ఫోను, చిన్న టూల్ కిట్టు ఉన్నాయి. పైన వెండి రంగు ఎమర్జెన్సీ దుప్పటి మడత పెట్టి ఉంది, చలేస్తే చేతికి అందాలని.

బేసిన్_దాటినవాడు · మే 3, రాత్రి 10:41

ఇంకేం కావాలి, దొరికింది. ఆ దుప్పటికి అల్యూమినియం పూత ఉంటుంది. దాని కింద ట్రాకర్ పెట్టడమంటే గిన్నె బోర్లించి కింద పెట్టినట్టే. పైకి పోవాల్సిన సిగ్నల్ పోదు, పైనుంచి రావాల్సింది రాదు. అది ఊరుకోదు కదా, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. నీ బ్యాటరీ లొకేషన్లు పంపడంలో అయిపోలేదు, పంపలేకపోవడంలో అయిపోయింది.

నా మొదటిసారి కథ కూడా ఇంచుమించు ఇదే. వీపు బ్యాగులో బట్టల మధ్య పెట్టుకున్నాను. రెండోసారి అదే ట్రాకర్‌ని, అవే సెట్టింగులతో, సీటు బ్యాగు పైన ఆకాశం కేసి కట్టాను. ఛార్జింగ్ మూడు రోజులకోసారి పెట్టాల్సింది కాస్తా వారానికోసారి అయింది. పైసా ఖర్చు లేదు, ఒక వెల్‌క్రో పట్టీ అంతే.

యాంటెన్నా_మాస్టారు · మే 4, ఉదయం 6:05

బేసిన్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను రేడియో పరికరాల పనిలో ఉన్నాను కాబట్టి లోపల జరిగేది కాస్త వివరంగా రాస్తాను. కారణం తెలిస్తే ఎక్కడ కట్టుకోవాలో ఎవరికి వారే తేల్చుకోగలరు.

ట్రాకర్ రెండు పనులు చేస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సిగ్నల్ విని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది, ఇది వినడమే. ఆ లెక్కను వేరే ఉపగ్రహాలకు పంపుతుంది, ఇది అరవడం. అరవడానికే కరెంటు ఎక్కువ ఖర్చు. గార్మిన్ కంపెనీ ఇన్‌రీచ్ లాంటి ట్రాకర్లు ఇరిడియం ఉపగ్రహాల ద్వారా పంపుతాయి. అవి 66, భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో, ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి. ఒక్కోటి మన ఆకాశం దాటి వెళ్లడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. మైదానంలో ఉంటే ఎప్పుడూ ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. లోయలో ఉంటే ఆకాశం సన్నటి పట్టీలా మిగులుతుంది, ఆ పట్టీలోకి ఉపగ్రహం వచ్చేదాకా ఆగాలి. ట్రాకర్ ఆగుతుంది గానీ ఊరికే ఆగదు, మధ్యమధ్యలో అరిచి చూస్తుంది. పైనుంచి జవాబు రాకపోతే మళ్లీ అరుస్తుంది.

ఇవి వాడే తరంగాలకు నీళ్లంటే పడదు. తడి ఆకులు, తడి మట్టి, మన ఒళ్లు అన్నీ నీళ్లే. అందుకే వాన వెలిసిన అడవిలో బ్యాటరీ దిగిపోతుంది, ఎండిన గడ్డిమైదానంలో నిలుస్తుంది. ప్లాస్టిక్, నైలాన్ బట్ట పెద్దగా అడ్డు కావు. లోహం, కార్బన్ ఫైబర్ అడ్డు. కార్బన్ హ్యాండిల్‌బార్ కింద వేలాడదీయకండి. ఫోను, పవర్ బ్యాంకు, సైకిల్ కంప్యూటర్ జానెడు దూరంలో అయినా ఉండాలి.

స్పాట్ కంపెనీ జెన్ 4 లాంటి ట్రాకర్ల సంగతి వేరు. అవి గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలకు ఒకవైపే మాట్లాడతాయి, అందిందో లేదో వాటికి తెలియదు. కాబట్టి జవాబు కోసం ఎదురుచూస్తూ మళ్లీ పంపే గొడవ లేదు. కానీ ఆకాశం కనిపించకపోతే మ్యాపులో చుక్కలే రాలిపోతాయి. ఏ రకమైనా కట్టాల్సింది ఆకాశం కేసే.

డైనమో_రాజు · మే 4, ఉదయం 8:30

పవర్ బ్యాంకు గురించి అడిగారు కదా, లెక్క వేసి చూడండి. ఈ చిన్న ట్రాకర్లలో బ్యాటరీ సుమారు 1250 ఎంఏహెచ్. మన ఫోన్లో అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 37 వాట్ అవర్లు, మార్పిడిలో పోయేది పోగా ట్రాకర్‌ని తక్కువలో తక్కువ ఐదుసార్లు నింపుతుంది. మీకు కరెంటు కొరత లేదు. పెద్దది కొంటే మోసే బరువు పెరుగుతుంది తప్ప మరేం లేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది, చాలామంది దాన్ని గమనించరు. తీసుకునే కరెంటు మరీ తక్కువైతే కొన్ని పవర్ బ్యాంకులు 'ఏమీ తగిలించలేదు' అనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. ఫోనుకి ఆ సమస్య రాదు. ట్రాకర్ నిండే దశలో చాలా తక్కువ తీసుకుంటుంది. రాత్రి తగిలించి పడుకుంటాం, పొద్దున లేచి చూస్తే నిండదు. తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంకు తీసుకోండి, కొన్నింటిలో బటన్ రెండుసార్లు నొక్కితే ఆ మోడ్ వస్తుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే ట్రాకర్‌ని సగం దించి, అదే పవర్ బ్యాంకుతో, అదే కేబుల్‌తో పూర్తిగా నిండుతుందో లేదో ఒక రాత్రి పరీక్షించండి.

డైనమో హబ్ (చక్రం తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఇరుసు) ఉంటే ట్రాకర్‌ని నేరుగా దానికి తగిలించకండి. డైనమో ఇచ్చేది సుమారు 3 వాట్లు, అదీ బాగా తొక్కుతున్నప్పుడు. ఎక్కుడులో నెమ్మదిస్తే కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ప్రతిసారీ ట్రాకర్ స్క్రీన్ వెలుగుతుంది, ఛార్జింగ్ మొదలవుతుంది, ఆగుతుంది. అలా గంటసేపు ఎక్కితే నిండేదేమో గానీ స్క్రీన్‌కి పోయేది మాత్రం ఖాయం. డైనమోతో పవర్ బ్యాంకు నింపండి, పవర్ బ్యాంకుతో ట్రాకర్ నింపండి.

ఓరుగల్లు_మంచుపాదం · మే 4, మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, మే మొదట్లో కననాస్కిస్ అంటే రాత్రిళ్లు సున్నా కిందకి పోయి ఉంటుంది కదా? చలి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. నేను మిన్నెసోటాలో ఉంటాను, జనవరి చివర్లో జరిగే యారోహెడ్ 135 కాలినడకన చేశాను. ఇంటర్నేషనల్ ఫాల్స్ నుంచి టవర్ ఊరివైపు మంచులో 135 మైళ్లు, మైనస్ 30, మైనస్ 40 వరకూ పోయే చోటు.

ఛార్జింగ్ చేసుకునే లిథియం అయాన్ బ్యాటరీ చలిలో మొద్దుబారుతుంది. లోపల ఛార్జ్ ఉన్నా బయటికి ఇవ్వలేదు. 40 శాతం చూపించింది ఉన్నట్టుండి ఆరిపోతుంది, చంకలో పెట్టుకుని వెచ్చబెడితే మళ్లీ లేస్తుంది. కాబట్టి చలిలో ఆరిపోయిందంటే అయిపోయిందని కాదు, ముందు వెచ్చబెట్టి చూడండి. మీది నాలుగేళ్ల పాతది, పైగా సెకండ్ హ్యాండ్ అంటున్నారు. పాత బ్యాటరీకి చలి ఇంకా తొందరగా తగులుతుంది.

ఒళ్లు సిగ్నల్‌ని ఆపుతుంది, చలి బ్యాటరీని ఆపుతుంది. ఈ రెండింటి మధ్య నాకు కుదిరిన చోటు భుజం మీద. లోపలి జాకెట్ బయట, పైన వేసుకునే గాలికోటు లోపల, భుజం పట్టీకి కట్టుకుంటాను. కింద ఒంటి వేడి కాస్త తగులుతుంది, పైన పలుచటి బట్టే కాబట్టి సిగ్నల్ పోతుంది.

ఇంకోటి, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకండి. సున్నా కింద ఛార్జ్ చేస్తే బ్యాటరీ లోపల లిథియం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. మంచి పరికరాలు తామే ఒప్పుకోవు. రాత్రి ట్రాకర్‌ని, పవర్ బ్యాంకుని రెండింటినీ స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుని ఛార్జ్ చేయండి.

రెండుచక్రాల_రమ్య · మే 4, సాయంత్రం 6:48

మామూలు సెల్స్ వేసుకునే ట్రాకర్ మంచిదా అక్కా అయితే? స్పాట్ జెన్ 4లో నాలుగు ట్రిపుల్ ఏ సెల్స్ పడతాయి కదా.

ఓరుగల్లు_మంచుపాదం · మే 4, రాత్రి 7:30

అంత చలికి అయితే అది చాలా మంచి మార్గం రమ్యా, కానీ ఏ సెల్స్ వేస్తున్నామన్నదే ముఖ్యం. కిరాణా కొట్లో దొరికే ఆల్కలైన్ సెల్స్ వద్దు. చలిలో వాటి వోల్టేజీ పడిపోతుంది. ఒకసారి వాడి పారేసే లిథియం సెల్స్ ఉంటాయి, ప్యాకెట్ మీద లిథియం అని స్పష్టంగా రాసి ఉంటుంది. అవి మైనస్ 40 వరకూ పనిచేస్తాయి, ఒక్కోటి ఎనిమిది గ్రాములు కూడా తూగదు, ఆల్కలైన్ దాదాపు పన్నెండు గ్రాములుంటుంది. ఖరీదు ఎక్కువే. అయినా ఊరూరికీ మధ్య వంద మైళ్లుండే దారిలో ఇంకో సెట్టు మోసుకెళ్తే నిశ్చింతగా ఉంటుంది.

పాత సెల్స్, కొత్త సెల్స్ కలిపి వేయకండి. నాలుగూ ఒకేసారి మార్చండి. మార్చేటప్పుడు మూత చుట్టూ ఉండే రబ్బరు మీద ఇసుక రేణువు కూడా ఉండకూడదు, వేలితో తడిమి చూసుకోండి. అక్కడి నుంచే నీళ్లు పోతాయి.

చుక్క_చూసే_అక్క · మే 5, ఉదయం 7:20

నేను రైడరూ కాదు, రన్నరూ కాదు. మా ఆయన వంద మైళ్లు, రెండొందల మైళ్ల పరుగులకు వెళ్తారు. ఇంట్లో కూర్చుని చుక్క చూసేది నేను, తెనాలిలో మా అత్తయ్య. ఇందాకటి వాగు సంగతి చదివి రాయకుండా ఉండలేకపోయాను.

మాకూ అలాంటి రాత్రి ఒకటి వచ్చింది. యూటా ఎడారిలో ఆయన చుక్క ఒక రాతిగట్టు అంచున ఆరు గంటలు కదలలేదు. ఆయన పడుకుంటూ బ్యాటరీ మిగులుతుందని ట్రాకర్ ఆఫ్ చేశారు. ఆయనకది చిన్న పని. మాకు ఆ ఆరు గంటలు ఎలా గడిచాయో మాటల్లో చెప్పలేను. అత్తయ్య ప్రతి పది నిమిషాలకూ ఫోన్ చేసి "కదిలిందా అమ్మా" అని అడిగేది. నేను లేదనాలి. ఒకసారి కదిలిందని అబద్ధం చెప్పాను, అది ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

ఆ తర్వాత ఇంట్లో అందరం కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. ట్రాకర్ ఆపే ముందు "పడుకుంటున్నాను, బాగున్నాను" అనే మెసేజ్ కచ్చితంగా పంపాలి. ముందే రాసి పెట్టుకునే మెసేజ్‌లు మూడు ఉంటాయి కదా, వాటిలో ఒకటి అదే. అది వెళ్లిందని ట్రాకర్ చూపించాకే ఆఫ్ చేయాలి. రెండోది లేచి బయల్దేరినప్పుడు పంపేది. మెసేజ్ లేకుండా చుక్క ఆగితే పన్నెండు గంటలు ఆగుతాం. ఈలోగా ఎవరూ ఎవరినీ కంగారు పెట్టం. పన్నెండు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం.

ఇంకొకటి, ఇది మనింటివాళ్లకు చెప్పాల్సింది. మేం ప్రేమకొద్దీ "తిన్నావా", "నిద్రపోయావా" అని మెసేజ్‌లు పెట్టేవాళ్లం. ప్రతి మెసేజ్ ఆయన బ్యాటరీ తింటుందని అప్పట్లో మాకు తెలియదు. ఆయన చూసి, స్క్రీన్ వెలిగించి, జవాబు టైప్ చేసి పంపాలి. ఇప్పుడు మేం ఏమీ అడగం. ఆయన పంపితే చూసి సంతోషిస్తాం.

కాకినాడ_కుర్రాడు · మే 5, ఉదయం 8:02

అక్కా, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "ఆ పిల్ల చెప్పినట్టే చేద్దాం" అంది. ఆ పన్నెండు గంటల మాట ఆవిడే కాగితం మీద రాసుకుంది.

బేసిన్_దాటినవాడు · మే 5, సాయంత్రం 5:33

అక్క చెప్పింది నా లెక్కలన్నిటికంటే విలువైనది.

రాత్రి ఆఫ్ చేయాలా వద్దా అని ఎప్పుడూ వాదన నడుస్తుంది. నేను ఆఫ్ చేసే పక్షమే. ఆరు గంటల నిద్రలో పది నిమిషాలకోటి చొప్పున 36 సార్లు అదే చోటు పంపి లాభం ఏముంది? కాకపోతే నిర్వాహకులే ట్రాకర్ ఇచ్చే రేసుల్లో దాన్ని ముట్టుకోవద్దని నిబంధన ఉంటుంది, అక్కడ వాళ్ల మాటే వినాలి.

యాంటెన్నా_మాస్టారు · మే 5, రాత్రి 9:15

నేను పూర్తిగా ఒప్పుకోను బేసిన్ గారూ. పూర్తిగా ఆఫ్ చేసి పొద్దున ఆన్ చేస్తే అది మళ్లీ మొదటి నుంచి ఉపగ్రహాలను వెతుక్కోవాలి, దానికీ ఖర్చుంది. రెండు మూడు గంటల కునుకైతే ట్రాకింగ్ మాత్రం ఆపండి, పరికరాన్ని ఆన్‌లోనే ఉంచండి. రాత్రంతా పడుకుంటే ఆఫ్ చేయండి. పైగా రాత్రి మనకేదైనా అయితే చీకట్లో తడుముకుంటూ ఆన్ చేసి అది లేచేదాకా చూడటం కష్టం. ఒంటరిగా అడవిలో పడుకుంటే నేనైతే ఆన్‌లోనే ఉంచుతాను.

లొకేషన్ ఎన్ని నిమిషాలకోసారి పంపాలన్నది కూడా తేల్చేద్దాం. గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2కి కంపెనీ చెప్పే లెక్క: ఆకాశం పూర్తిగా కనిపిస్తూ పది నిమిషాలకోసారి పంపితే 14 రోజుల వరకు, అరగంటకోసారి అయితే 30 రోజుల వరకు. మూడోవంతు సార్లే పంపినా రోజులు మూడు రెట్లు కాలేదు, రెండు రెట్లకు కాస్త ఎక్కువ అయ్యాయి. ఎందుకంటే పంపనప్పుడు కూడా అది మేలుకునే ఉంటుంది. ఆ మెలకువను తగ్గించేవి వేరే ఉన్నాయి. ఫోనుతో బ్లూటూత్ కలపడం ఆపేయండి. సెకను సెకనుకూ దారి నమోదు చేసే సెట్టింగ్ ఉంటే తీసేయండి, ఆ పని మీ సైకిల్ కంప్యూటర్ చేస్తోంది కదా. మీకు మెసేజ్‌లు వచ్చాయేమోనని అది పైకి అడిగే విరామాన్ని గంటకు పెంచండి. స్క్రీన్ వెలుగు తగ్గించి, ఐదు పది సెకన్లలో ఆరేలా పెట్టండి. చప్పుళ్లు ఆపేయండి. టూర్ డివైడ్‌లో పది నిమిషాలకు బదులు ఇరవై పెట్టుకున్నా మీ అమ్మగారికి తేడా తెలియదు, గంటకు మూడు చుక్కలు పడతాయి.

హైదరాబాద్_బ్రెవే · మే 6, ఉదయం 11:20

చాలా నేర్చుకున్నాను. నేను హైదరాబాద్‌లో 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) చేస్తాను, వచ్చే ఏడాది 1200 అనుకుంటున్నాను. మా బావ అమెరికా నుంచి వస్తున్నాడు, ఇలాంటి ట్రాకర్ ఒకటి తెప్పించుకోనా?

బేసిన్_దాటినవాడు · మే 6, మధ్యాహ్నం 12:05

వద్దు బ్రదర్. ఇది చాలా ముఖ్యం, దయచేసి శ్రద్ధగా చదవండి. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి శాటిలైట్ కమ్యూనికేటర్లు దగ్గర పెట్టుకోవడం నేరం. తెలియక తెచ్చినా ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. 2024 డిసెంబరులో గోవా ఎయిర్‌పోర్టులో కెనడా నుంచి వచ్చిన ఒక రన్నర్‌ని బ్యాగులో ఇన్‌రీచ్ ఉందని అరెస్టు చేశారు. ఆమె ఎప్పుడూ కొండల్లో వాడుకునే వస్తువే అది. మీ బావగారిని తేవొద్దని ఈరోజే చెప్పండి.

మీ బ్రెవే రోడ్లకు మొబైల్ సిగ్నల్ చాలావరకు ఉంటుంది కదా. ఫోన్లో లైవ్ లొకేషన్ చాలు. ఇక్కడ చెప్పిన చలి, కేబుల్, పవర్ బ్యాంకు సంగతులన్నీ ఫోనుకీ పనికొస్తాయి. సిగ్నల్ లేని ఘాట్ల దగ్గర ఫోన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేయడంలో ఫోనుకీ ట్రాకర్‌కీ తేడా లేదు.

కాకినాడ_కుర్రాడు · మే 6, రాత్రి 8:50

అమ్మో, మంచి సమయానికి చెప్పారు అన్నా. రైడ్ అయ్యాక జూలైలో కాకినాడ వెళ్తున్నాను. ట్రాకర్ అలాగే బ్యాగులో పడేసుకుని వెళ్లేవాడిని.

డైనమో_రాజు · మే 7, ఉదయం 7:00

ఒక మాట మర్చిపోయాను. వానలో ఛార్జింగ్ పిన్ సంగతి. ట్రాకర్ నీళ్లలో మునిగినా బతుకుతుంది గానీ, తడి పిన్‌లో కేబుల్ పెట్టి కరెంటు పంపితే బతకదు. నా పాత కేబుల్ చివర ఇప్పటికీ దాచి ఉంచాను, పచ్చగా కిలుం పట్టి ఒక పిన్ను సగం కరిగిపోయి ఉంది. ఛార్జ్ పెట్టే ముందు పిన్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిలో నాలుగుసార్లు తట్టండి, నోటితో గట్టిగా ఊదండి, పొడి గుడ్డ మూల మెలితిప్పి లోపల ఒత్తండి, పావుగంట ఆగండి. రెండో కేబుల్ తప్పకుండా తీసుకెళ్లండి. అరచేతి పొడవుది చాలు.

కాకినాడ_కుర్రాడు · మే 18, రాత్రి 9:30

అదే దారిలో, అదే పాత ట్రాకర్‌తో మళ్లీ మూడు రోజులు వెళ్లొచ్చాను. సీటు బ్యాగు పైన వెల్‌క్రోతో కట్టాను, చుట్టూ ఏమీ లేకుండా. ఇరవై నిమిషాలకోసారి. బ్లూటూత్ ఆఫ్. రాత్రి మెసేజ్ పంపి, వెళ్లిందని చూసి, ఆఫ్ చేసి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చేసరికి 71 శాతం ఉంది. కిందటిసారి ఇదే దారిలో రెండో రాత్రికి సున్నా.

కొత్తది కొనడం మానుకున్నాను. ఆ డబ్బుతో మంచి టైర్లు తీసుకుంటాను.

ఓరుగల్లు_మంచుపాదం · మే 18, రాత్రి 10:10

చాలా సంతోషం తమ్ముడూ. ఒక్క నియమం మాత్రం పెట్టుకో. 30 శాతం కిందకి ఎప్పుడూ పోనివ్వకు. ఎస్‌ఓఎస్ నొక్కితే మనల్ని కాపాడేది ఆ ముప్పై శాతమే. నొక్కాక అది తరచుగా లొకేషన్ పంపుతుంది, కాపాడేవాళ్లతో మెసేజ్‌లు నడుస్తాయి, వాళ్లు చేరేసరికి కొండల్లో ఒక రోజు పట్టొచ్చు.

కాకినాడ_కుర్రాడు · జూలై 10, ఉదయం 10:15

ఆంటెలోప్ వెల్స్ చేరాను! 24 అనుకున్నది 26 రోజులైంది. మీ అందరికీ వివరంగా చెప్పాల్సిన బాకీ ఉంది.

మొదటి నాలుగు రోజులు కష్టంగా గడిచాయి. ఫ్లాట్‌హెడ్ లోయ వైపు దట్టమైన అడవి, వాన. రోజుకు ఇరవై శాతం దాకా దిగేది. రెండో రోజు సాయంత్రం చూస్తే సీటు బ్యాగు మీద ట్రాకర్ కనిపించలేదు, గుండె ఆగినంత పనైంది. ఊడిపోలేదు, వెనక చక్రం చిమ్మిన బురద అంగుళం మందాన పట్టి మూసుకుపోయింది. తడి మట్టి సిగ్నల్‌ని ఆపుతుందని మాస్టారు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. వేళ్లతో గీకి తీసి, హ్యాండిల్‌బార్ బ్యాగు పైకి మార్చాను. బురద రోజుల్లో ముందువైపే మంచిది, కొత్తగా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి.

వయోమింగ్‌లో గ్రేట్ డివైడ్ బేసిన్ చేరాక బ్యాటరీ కరగడమే మానేసింది. చెట్టన్నది లేదు, గాలి, ఆకాశం, అంతే. రెండు రోజులకు ఎనిమిది శాతం పోయింది. కొలరాడోలో ఇండియానా పాస్, 11,900 అడుగులు పైనే, అక్కడ రాత్రి మంచు పడింది. మంచుపాదం అక్క చెప్పినట్టు కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

న్యూ మెక్సికోలో దీనికి పూర్తిగా తిరగబడింది. మిట్టమధ్యాహ్నం నల్లటి బ్యాగు మీద ఎండకి ట్రాకర్ చెయ్యి కాలేలా వేడెక్కింది, ఛార్జ్ తీసుకోనంది. 45 డిగ్రీలు దాటితే తీసుకోదట. నీడలో అరగంట పెట్టి, సాయంత్రం ఛార్జ్ చేశాను. అప్పటి నుంచి ఛార్జింగ్ అంతా రాత్రి పడుకునే ముందే.

26 రోజుల్లో మొత్తం ఆరుసార్లు ఛార్జ్ చేశాను. ఒక్కసారి కూడా 30 కిందకి పోలేదు.

హీలా అడవుల్లో ఒక రాత్రి లోయ అడుగున పడుకున్నాను. "పడుకున్నాను" మెసేజ్ వెళ్లలేదు. అరగంట చూశాను, ఇంకా తిరుగుతూనే ఉంది. బ్యాటరీ పోతుందని భయం ఒకవైపు, అమ్మ ఒకవైపు. లేచి, టార్చి పట్టుకుని, రెండొందల అడుగుల మేర గట్టు ఎక్కి, తెరిపి ఉన్న బండ మీద ట్రాకర్ పెట్టి కూర్చున్నాను. నాలుగు నిమిషాల్లో వెళ్లిపోయింది. తర్వాత అమ్మని అడిగితే, ఆ రోజు మెసేజ్ ఆలస్యమైందని గమనించానని, గడియారం చూసుకుని ఇంకా తొమ్మిది గంటలుందిలే అనుకుని వంటింట్లోకి వెళ్లానని చెప్పింది. అక్కా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

వచ్చే వారం కాకినాడ ప్రయాణం. ట్రాకర్ ఇక్కడే రూమ్మేట్ దగ్గర వదిలి వెళ్తున్నాను.

చుక్క_చూసే_అక్క · జూలై 10, మధ్యాహ్నం 2:40

నేను కూడా మీ చుక్క రోజూ చూశాను తమ్ముడూ. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. వీలైతే ఆవిడ నంబరు నాకు మెసేజ్‌లో పంపండి, మా అత్తయ్య మాట్లాడతానంటోంది.

డైనమో_రాజు · జూలై 10, సాయంత్రం 7:25

శుభాకాంక్షలు! ఊరికి వెళ్లే ముందు ట్రాకర్‌ని ఫుల్ ఛార్జ్ చేసి పెట్టకండి, సున్నాలోనూ వదలకండి. సగం దగ్గర ఉంచి, పూర్తిగా ఆఫ్ చేసి, ఎండ తగలని సొరుగులో పెట్టమని రూమ్మేట్‌కి చెప్పండి.

కాకినాడ_కుర్రాడు · జూలై 10, సాయంత్రం 7:31

ఇప్పుడే చూశాను, 54 ఉంది. ఆఫ్ చేసేశాను.